కిడ్నీ గడ్డ, కలరా టీకా, ఎలుక మడమ

1971లో ‘గట్’ అనే బ్రిటిష్ వైద్య పత్రికలో ఓ వింత కేసు అచ్చయింది. లండన్ డాక్టర్ల దగ్గరకు వచ్చిన ఒక మహిళకు గడ్డ ఉన్నది కిడ్నీలో, తేడా కనిపించింది మాత్రం పేగులో. చిన్నపేగు లోపలి పొర దళసరిగా పెరిగిపోయింది. జీర్ణమైన ఆహారాన్ని పీల్చుకునే ఆంత్రచూషకాలు ఉండాల్సినదానికంటే బాగా పొడుగయ్యాయి. తిన్నది ముందుకు కదలక పేగులోనే నిలిచిపోతోంది. సర్జన్లు కిడ్నీ గడ్డను తీసేశారు, పేగు జోలికి ఎవరూ పోలేదు. అయినా ఆపరేషన్ తర్వాత పేగు మామూలు రూపానికి వచ్చింది.

గడ్డలో గ్లూకగాన్‌ను పోలిన హార్మోన్ ఏదో కుప్పలుతెప్పలుగా తయారవుతోందని, అదే పేగును పెంచి ఉండాలని గ్లీసన్, బ్లూమ్, పోలక్, డౌలింగ్ తదితరులు రాశారు. దాని అసలు రూపం బయటపడటానికి ఒక పుష్కరం, అది మందుగా మారడానికి నలభై ఏళ్లు పట్టింది.

గాయాలు మానడానికి, పేగు బాగుపడటానికి అంటూ ఇప్పుడు నాలుగు పెప్టైడ్‌ల పేర్లు కలగలిసి వినిపిస్తున్నాయి. ఆ కిడ్నీ గడ్డ దారిలో వచ్చిన టెడుగ్లూటైడ్, ఇంకా లారజోటైడ్, థైమోసిన్ బీటా-4, బీపీసీ-157. జిమ్‌కు వెళ్లే కుర్రాళ్లు, మోకాలి నొప్పి వదలని నడివయసువాళ్లు, అమెరికాలో పాడ్‌కాస్టులు విని ఇక్కడి అన్నదమ్ములకు ఫోన్ చేసేవాళ్లు వీటన్నిటినీ ఒకే గాటన కట్టి ఏది బాగా పనిచేస్తుందని అడుగుతుంటారు. నా లెక్కలో వీటి తేడా రసాయనంలో కంటే పుట్టుపూర్వోత్తరాల్లో ఎక్కువ ఉంది. మొదట ఎవరి కంట పడ్డాయి, ఆ తర్వాత బయటివాళ్లు ఎవరు పరీక్షించారు, ఆ పరీక్ష ఎక్కడి దాకా వచ్చింది అన్నది చూస్తే చాలు, సగం జవాబు దొరుకుతుంది.

ముందు ఈ సరుకు తయారీ సంగతి. పెప్టైడ్ అంటే అమైనో ఆమ్లాలు ఒకదాని చివర ఒకటి అతుక్కున్న గొలుసు. పొట్టిదైతే పెప్టైడ్, పొడవుగా పెరిగితే ప్రొటీన్. 1950ల దాకా నాలుగైదు అమైనో ఆమ్లాల గొలుసు కట్టడం కూడా నెలల తరబడి పని. ఒక్కొక్కటి చేర్చడం, చేర్చిన ప్రతిసారీ శుద్ధి చేయడం, ప్రతి శుద్ధిలో కొంత సరుకు పోగొట్టుకోవడం. న్యూయార్క్ రాక్‌ఫెలర్ సంస్థలో పనిచేసిన బ్రూస్ మెరిఫీల్డ్‌కు ఈ చాకిరీ నచ్చలేదు. మొదటి అమైనో ఆమ్లాన్ని పాలీస్టైరీన్ గుళికకు కట్టేస్తే, ఆ తర్వాత ఎన్ని చేర్చినా గుళికను కడిగేస్తే చాలు, మిగులంతా కొట్టుకుపోతుంది, గొలుసు గుళికను పట్టుకునే ఉంటుంది అనుకున్నాడు. 1963లో ఆ పద్ధతిలో నాలుగు అమైనో ఆమ్లాల గొలుసు చేసి చూపించాడు. 1969 నాటికి 124 అమైనో ఆమ్లాలున్న రైబోన్యూక్లియేజ్ అనే ఎంజైమ్‌నే కట్టేశాడు. అందుకు 369 రసాయన చర్యలు, 11,931 మెట్లు పట్టాయి. అంత ఓపిక మనిషికి ఉండదు కనుక చాలా మెట్లు యంత్రమే చేసింది. 1984లో ఆయనకు నోబెల్ వచ్చింది. ఇవాళ ఈ పద్ధతికి కావలసిన ముడిసరుకు, అంటే అనవసరమైన చోట అతుక్కోకుండా రక్షణ తొడుగు వేసిన అమైనో ఆమ్లాలు, తయారు చేసి ప్రపంచానికి పంపే కంపెనీల్లో హైదరాబాద్‌కు చెందిన దివీస్ ఒకటి.

మెరిఫీల్డ్ పుణ్యమా అని పదిహేను అమైనో ఆమ్లాల గొలుసు కట్టడం ఫ్యాక్టరీలో రోజువారీ పనైపోయింది. కట్టిన గొలుసు మనిషి ఒంట్లో ఏం చేస్తుందో తేల్చే పని మాత్రం 1963లో ఎంత కష్టమో ఇప్పుడూ అంతే కష్టం. ఈ నాలుగు పెప్టైడ్‌ల కోసం ఆ కష్టం ఎవరు పడ్డారన్నదే మిగతా కథ.

మళ్లీ కిడ్నీ గడ్డ దగ్గరికి వద్దాం. బోస్టన్‌లో జోయెల్ హేబెనర్ ప్రయోగశాల 1982లో ఆంగ్లర్ చేప క్లోమం నుంచి గ్లూకగాన్ జన్యువు చదివింది. 1983లో గ్రేమ్ బెల్ తదితరులు హ్యామ్‌స్టర్‌లోనూ మనిషిలోనూ అదే జన్యువు చదివితే ఆశ్చర్యకరమైన సంగతి తేలింది. ఆ ఒక్క జన్యువులో గ్లూకగాన్‌తో పాటు దాన్ని పోలిన మరో రెండు పెప్టైడ్‌లు ఉన్నాయి. వాటికి జీఎల్‌పీ-1, జీఎల్‌పీ-2 అని పేర్లు పెట్టారు. జీఎల్‌పీ-1 ఇన్సులిన్‌ను పెంచుతుందని తెలియగానే లోకమంతా దాని వెంట పడింది. ఈ రోజు షుగర్‌కూ బరువు తగ్గడానికీ పొడుచుకుంటున్న సెమాగ్లూటైడ్ ఆ దారిలో పుట్టిందే. జీఎల్‌పీ-2ను పట్టించుకున్న నాథుడు లేడు.

హేబెనర్ దగ్గర పనిచేసి టొరంటో తిరిగి వెళ్లిన డేనియల్ డ్రకర్ దాన్ని పట్టుకున్నాడు, అదీ వెతికి కాదు. గ్లూకగాన్ తయారుచేసే కణితులు ఉన్న ఎలుకలను పరిశీలిస్తుంటే వాటి చిన్నపేగులు అసాధారణంగా పెద్దవయ్యాయి. లండన్ మహిళ కేసు ఎలుకలో మళ్లీ జరిగినట్టే. ఆ జన్యువు నుంచి వచ్చే పెప్టైడ్‌లను ఒక్కొక్కటిగా చిట్టెలుకలకు ఎక్కించి చూశారు. అన్నిటికంటే ఎక్కువగా పేగును పెంచింది ఎవరికీ పట్టని జీఎల్‌పీ-2. డ్రకర్, ప్యాట్రీషియా బ్రూబేకర్ తదితరులు 1996లో ఇది ప్రచురించారు.

మందు దొరికినట్టేనా? కాదు. చిట్టెలుకల్లో అంత బాగా పనిచేసిన జీఎల్‌పీ-2, పెద్ద జాతి ఎలుకల్లో అంతంతమాత్రంగానే పనిచేసింది. చాలామంది ఇక్కడ చిట్టెలుకల ఫలితం పట్టుకుని కంపెనీ పెట్టేసేవారు. టొరంటో వాళ్లు ఎందుకిలా అని ఆగారు. రక్తంలో డీపీపీ-4 అనే ఎంజైమ్ ఉంటుంది. షుగర్ మందుల్లో గ్లిప్టిన్లు అడ్డుకునేది దీన్నే కాబట్టి మన ఇళ్లలో చాలామందికి దీనితో తెలియకుండానే పరిచయం ఉంది. ఇది జీఎల్‌పీ-2 మొదటి రెండు అమైనో ఆమ్లాలను కత్తిరించి పారేస్తుంది, నిమిషాల్లో మందు నిర్వీర్యం. ఆ ఎంజైమ్ పుట్టుకతోనే లేని ఎలుకలకు ఇచ్చి చూస్తే జీఎల్‌పీ-2 చక్కగా పనిచేసింది. 1997లో ఈ సంగతి తేలింది. రెండో స్థానంలో ఉన్న అలనిన్‌ను తీసి గ్లైసిన్ పెడితే కత్తెర పడదు. 33 అమైనో ఆమ్లాల్లో మార్చింది ఒక్కదాన్నే. అదే టెడుగ్లూటైడ్.

ఇది ఎవరికోసం? జబ్బు వల్లో, మెలిపడి కుళ్లిపోవడం వల్లో చిన్నపేగులో చాలా భాగం కోసేయాల్సి వచ్చినవాళ్ల కోసం. మిగిలిన జానెడు మూరెడు పేగు తిన్నదాన్ని పీల్చుకోలేదు కాబట్టి వాళ్లకు పోషకాలు, నీళ్లు రక్తనాళంలోకే ఎక్కించాలి, తరచూ రాత్రంతా. కోపెన్‌హాగెన్ డాక్టర్ పాలే యెప్పెసెన్ ముందుండి నడిపిన ట్రయల్‌లో 86 మంది పాల్గొన్నారు. 24 వారాల తర్వాత, రక్తనాళంలోకి ఎక్కించే ద్రవం కనీసం ఐదో వంతు తగ్గించగలిగినవాళ్లు మందు తీసుకున్నవారిలో 63 శాతం. ఉత్తుత్తి మందు తీసుకున్నవారిలో 30 శాతం. 2012లో ఐరోపాలోనూ, అదే ఏడాది డిసెంబరులో అమెరికాలోనూ అనుమతి వచ్చింది. ధర అడక్కండి, ఏడాదికి లక్షల డాలర్లు.

ఆ 30 శాతం దగ్గర ఒక్క క్షణం ఆగాలి. ఏ మందూ లేని సూదితో, నూటికి ముప్పై మందికి మేలు జరిగింది. డాక్టర్లు శ్రద్ధగా చూడటం వల్ల, ఎక్కించే ద్రవాన్ని జాగ్రత్తగా సర్దడం వల్ల, మనిషి ఆశ వల్ల. పోల్చి చూడటానికి రెండో గుంపు లేకపోతే ఆ ముప్పై కూడా మందు ఖాతాలోకే పోయేది. ముందు ముందు ఈ అంకెతో పని ఉంది.

రెండో కథ కలరాతో మొదలవుతుంది. గత్తర వస్తే ఊళ్లు ఖాళీ అయిన రోజులు మన తాతల తరానికి తెలుసు. కలరా సూక్ష్మజీవి పేగు గోడను తినేయదు, విషం వదిలి నీళ్లన్నీ బయటికి లాగేస్తుంది అని 1959లో కలకత్తాలో శంభునాథ్ దే కుందేళ్ల పేగుల మీద నిరూపించాడు. విషం ఏదో తెలిస్తే టీకాకు దారి దొరికినట్టే. ఆ విషపు జన్యువు కోసేసి మిగతా సూక్ష్మజీవిని మింగిస్తే ఒంటికి రక్షణ వస్తుంది, జబ్బు రాదు అన్నది ఆశ. బాల్టిమోర్‌లోని మేరీలాండ్ విశ్వవిద్యాలయంలో అలాంటి టీకాలే చేశారు. కానీ విషం తీసేసినా వలంటీర్లలో కొందరికి విరేచనాలు పట్టుకున్నాయి.

ఇటలీ నుంచి అక్కడికి వచ్చిన పిల్లల డాక్టర్ అలెసియో ఫసానో ఈ బెడిసికొట్టిన టీకాను వదల్లేదు. అసలు విషం లేకపోయినా విరేచనం అయిందంటే ఇంకోటేదో ఉండాలి. 1991లో దొరికింది. జాట్ అని పేరు పెట్టిన ఆ రెండో పదార్థం పేగు కణాల నడుమ ఉండే బిగువైన అతుకులను వదులు చేస్తోంది. అక్కడి నుంచి ఆయన ఆలోచన నాకు చాలా ఇష్టం. సూక్ష్మజీవికి మన పేగు అతుకులను వదులు చేసే తాళంచెవి ఉందంటే, ఆ తాళం మన ఒంట్లో ముందే ఉండి ఉండాలి, దానికి మన సొంత తాళంచెవీ ఒకటి ఉండాలి. 2000లో ఆయన బృందం ఆ సొంత తాళంచెవికి జోన్యులిన్ అని పేరు పెట్టింది, సీలియాక్ రోగుల పేగులో అది ఎక్కువగా ఉందని చూపింది. సీలియాక్ అంటే గోధుమలోని గ్లూటెన్ పడకపోవడం. అన్నం తినే మన ప్రాంతంలో కంటే రొట్టెలు తినే ఉత్తరాదిలో ఎక్కువగా కనిపించే జబ్బు.

జాట్‌లోని ఓ చిన్న ముక్క ఆధారంగా ఎనిమిది అమైనో ఆమ్లాల లారజోటైడ్ చేశారు. అతుకులు వదులు కాకుండా ఆపడం దాని పని. సూదితో కాదు, క్యాప్సూల్‌గా మింగాలి. పేగు లోపలే పని చేసేస్తుంది కాబట్టి రక్తంలోకి వెళ్లాల్సిన అవసరం లేదు. 342 మంది సీలియాక్ రోగులతో చేసిన ట్రయల్ ఫలితం 2015లో వచ్చింది. అర మిల్లీగ్రాము మోతాదు బాధలను తగ్గించింది. ఒక మిల్లీగ్రాము, రెండు మిల్లీగ్రాములు మాత్రం ఉత్తుత్తి మందును మించలేదు. మోతాదు పెంచితే ప్రభావం మాయమవడం ఏ మందుకైనా మంచి శకునం కాదు. అయినా మూడో దశకు వెళ్లారు. సీలియాక్ జబ్బుకు అంతదాకా వెళ్లిన తొలి మందు ఇదే. 2022లో సగంలో లెక్కలు చూశారు. తేడా నిరూపించాలంటే ఆచరణ సాధ్యం కానంత మంది రోగులు కావాలని తేలి, ట్రయల్ ఆపేశారు. మరుసటి ఏడాది కంపెనీ దివాలా తీసింది.

జోన్యులిన్ సిద్ధాంతం మీద కూడా దెబ్బ పడింది. ల్యాబుల్లో అమ్ముతున్న జోన్యులిన్ పరీక్ష కిట్లు నిజానికి వేరే ప్రొటీన్లను పట్టుకుంటున్నాయని 2018లో కొందరు పరిశోధకులు చూపించారు. ‘పేగు లీకవుతోంది’ అని రిపోర్టు చేతికిచ్చి సప్లిమెంట్లు అమ్మేవారికి ఈ వార్త ఇంకా చేరినట్టు లేదు.

అయినా లారజోటైడ్ అంటే నాకు గౌరవం. దాని గురించి మనకు తెలిసినది కచ్చితంగా తెలుసు. ఎంత మందికి ఇచ్చారు, ఏ మోతాదులో, ఎక్కడ ఓడిపోయింది అన్నీ అచ్చులో ఉన్నాయి. రాబోయే వాళ్లు అక్కడి నుంచి మొదలుపెట్టవచ్చు.

మిగతా రెండింటికీ ముందు ఒక చిన్న పక్కదారి. 1936లో మాంట్రియల్‌లో హన్స్ సెల్యే ఎలుకలను రకరకాలుగా హింసించి చూస్తే, హింస ఏదైనా సరే మూడు మార్పులు ఒకేలా కనిపించాయి. అడ్రినల్ గ్రంథి ఉబ్బింది, థైమస్ గ్రంథి ముడుచుకుపోయింది, కడుపులో పుండ్లు పడ్డాయి. స్ట్రెస్ అనే ఊహ వైద్యంలోకి వచ్చింది అక్కడి నుంచే. ఆ మూడు అవయవాల్లో రెండు, థైమస్, జీర్ణాశయం, తర్వాత ఒక్కో పెప్టైడ్ కథకు మూలమయ్యాయి. యాదృచ్ఛికమే కావచ్చు, చెప్పకుండా ఉండలేకపోయాను.

థైమస్ కథ 1960ల న్యూయార్క్‌లో మొదలైంది. ఆల్బర్ట్ ఐన్‌స్టీన్ వైద్య కళాశాలలో ఏబ్రహామ్ వైట్, ఆయన శిష్యుడు అలన్ గోల్డ్‌స్టీన్ దూడల థైమస్ నుంచి ఒక సారం తీసి థైమోసిన్ అన్నారు. రోగనిరోధక శక్తికి పనికొస్తుందని వాళ్ల ఆశ. అందులోని ఒక పెప్టైడ్ థైమోసిన్ బీటా-4, 43 అమైనో ఆమ్లాలది, 1981లో తేటపడింది. పదేళ్లకు 1991లో డేనియల్ సేఫర్ తదితరులు వేరే దారిలో వచ్చి దీన్నే ఢీకొట్టారు. కణానికి అస్థిపంజరంలా నిలబడే ఆక్టిన్‌ను పట్టి ఉంచే ఒక పెప్టైడ్ కోసం వాళ్లు వెతుకుతున్నారు. తీరా చూస్తే అది థైమోసిన్ బీటా-4. కణం కదలాలంటే ఆక్టిన్‌ను విప్పుతూ కడుతూ పోవాలి. గాయం మానాలంటే అంచుల్లోని కణాలు మధ్యకు నడిచిరావాలి. 1999లో ఎలుకల చర్మగాయాల మీద పోస్తే, ఉప్పునీరు పోసిన గాయాలతో పోలిస్తే పైపొర నాలుగో రోజుకు 42 శాతం, ఏడో రోజుకు 61 శాతం ఎక్కువగా కప్పుకుంది.

తర్జనభర్జన లేని మంచి జీవశాస్త్రం ఇది. బజారులో దొరికేది మాత్రం ఇది కాదు. టీబీ-500 పేరుతో గుర్రప్పందేల్లో, జిమ్ముల్లో చలామణీ అయిన సరుకును డోపింగ్ ల్యాబులు పరీక్షిస్తే, అందులో ఉన్నది ఆ 43లో ఏడు అమైనో ఆమ్లాల ముక్క. పత్రికల్లో చదివేది ఒకటి, సూదిలో ఎక్కించుకునేది ఇంకొకటి. ఆస్ట్రేలియాలో ఎసెండన్ ఫుట్‌బాల్ క్లబ్బు కథ ఇంకా చేదు. 2012 సీజన్‌లో ఆటగాళ్లకు ఇచ్చిన ఇంజెక్షన్లలో థైమోసిన్ బీటా-4 ఉందని క్రీడా న్యాయస్థానం నమ్మింది, 2016 జనవరిలో 34 మంది ఆటగాళ్లను ఒకేసారి నిషేధించింది.

చివరిది, ఇవాళ అన్నిటికంటే ఎక్కువ పేరున్నది బీపీసీ-157. క్రొయేషియాలోని జాగ్రెబ్ వైద్య కళాశాలలో ప్రెడ్రాగ్ సికిరిచ్ బృందం దీని కన్నవారు. అప్పటికి ఆండ్రే రాబర్ట్ అనే పరిశోధకుడు ప్రోస్టాగ్లాండిన్లు అనే పదార్థాలు ముందే ఇస్తే ఎలుక కడుపు ఆల్కహాల్ దాడిని కూడా తట్టుకుంటుందని చూపించి ఉన్నాడు. కడుపు తనను తాను కాపాడుకోగలిగితే, ఆ కాపాడే పదార్థం జఠరరసంలోనే ఉంటే, అది ఒంటినంతటినీ ఎందుకు కాపాడకూడదు? 1993లో వాళ్లు ఈ ఊహనూ, జఠరరసంలో దొరికిన ప్రొటీన్ నుంచి తీసుకున్నామన్న పదిహేను అమైనో ఆమ్లాల ముక్కనూ లోకం ముందు పెట్టారు. వరసగా మూడు ప్రోలిన్‌లున్న గొలుసు. జఠరరసంలో చెడిపోదని వాళ్ల మాట. నిమిషాల్లో తెగిపోయే జీఎల్‌పీ-2తో పోలిస్తే ఇది మొండి పెప్టైడ్.

అక్కడి నుంచి జాగ్రెబ్ పత్రాలు వరదలా వచ్చాయి. అల్సర్లు మానాయి, పేగు చిల్లులు మూసుకున్నాయి. 2003లో ఎలుక మడమ వెనక కండరాన్ని ఎముకకు కట్టి ఉంచే అకిలిస్ టెండన్‌ను కత్తిరించి చూస్తే, బీపీసీ ఇచ్చిన ఎలుకల్లో త్వరగా అతుక్కుంది. ఆటగాళ్ల ఆశలన్నీ ఆ మడమ మీదే నిలిచాయి. తర్వాత ఎముక, నరం, కాలేయం, మెదడు. ఏ అవయవాన్ని ఎలా గాయపరిచినా బీపీసీ మేలే చేసింది, ఎప్పుడూ కీడు చేయలేదు. నన్ను అడిగితే ఇంతటి ఏకపక్ష విజయమే దీని మీద అనుమానం పుట్టిస్తుంది. పని చేసే మందు ఎక్కడో ఒకచోట పని చేయదు. జీఎల్‌పీ-2 పెద్ద ఎలుకల్లో మొరాయించింది కాబట్టే దాని గుట్టు దొరికింది. అయితే జాగ్రెబ్ బయట ఎవరూ చూడలేదనడం అన్యాయం. తైవాన్‌లో ఒక బృందం 2011లో టెండన్ కణాల మీద బీపీసీ ప్రభావం ఉందని సొంతంగా చూపింది. అలాంటివి ఉన్నాయి గానీ కొన్నే, అవీ కణాల్లో, ఎలుకల్లో.

మనుషుల్లో ప్రయత్నం జరగకపోలేదు. క్రొయేషియా కంపెనీ ప్లీవా దీన్ని పీఎల్-14736 పేరుతో ఎనీమాగా పెద్దపేగు పుండ్ల జబ్బు మీద రెండో దశ ట్రయల్ దాకా తీసుకెళ్లింది. ప్లీవా చిన్నాచితకా కంపెనీ కాదు. 1980లో అజిత్రోమైసిన్ కనిపెట్టింది వాళ్లే. మనం దగ్గు, జ్వరం వస్తే మూడు రోజులు మింగే ఆ మాత్రే. మందును మార్కెట్‌కు తెచ్చే ఒడుపు తెలిసినవాళ్ల చేతిలోనే బీపీసీ ఉంది. అయినా మందు రాలేదు, ఓ చిన్న సారాంశం తప్ప పూర్తి పత్రం రాలేదు. 2015లో 42 మంది ఆరోగ్యవంతులతో మరో ట్రయల్ నమోదైంది, దాని ఫలితాలూ అచ్చుకాలేదు. మిగిలినవి డజను మందికో, అంతకంటే తక్కువ మందికో ఇచ్చి, చాలామందికి తగ్గిందని చెప్పిన నివేదికలు. పోల్చడానికి రెండో గుంపు లేదు. టెడుగ్లూటైడ్ ట్రయల్‌లో మందు లేని సూదితో మెరుగైన ఆ నూటికి ముప్పై మందిని ఇక్కడ ఎక్కడ వెతకాలి?

2022లో ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ బీపీసీ-157ను నిషిద్ధ జాబితాలో చేర్చింది. 2023లో అమెరికా ఎఫ్‌డీఏ, మందులు కలిపి ఇచ్చే ఫార్మసీలు వాడితే భద్రతా ప్రమాదం ఉండవచ్చన్న వర్గంలోకి దీన్ని నెట్టింది.

ఏది మంచిదని అడిగేవాళ్లతో నేను లేబుళ్ల గురించి మాట్లాడతాను. టెడుగ్లూటైడ్ పెద్దలకు మొదలుపెట్టే ముందు కొలనోస్కోపీ చేసి, పాలిప్స్ ఉంటే తీసేయాలని దాని లేబుల్ చెబుతుంది. పేగు కణాలను పెంచేది ఆ పాలిప్స్‌నూ పెంచవచ్చు కదా. బీపీసీ-157 కొత్త రక్తనాళాలను మొలిపిస్తుందని దాన్ని మెచ్చుకునే పత్రాలే చెబుతున్నాయి, కణితులు ఎదగడానికి కావలసినవీ కొత్త రక్తనాళాలే. దాన్ని వాడే ముందు ఎవరు ఏ పరీక్ష చేయించుకోవాలో, ఎవరు అసలు వాడకూడదో చెప్పే లేబుల్ లేదు. సీసాల మీద సాధారణంగా ఉండేది ఒకే వాక్యం: పరిశోధనకు మాత్రమే, మనుషుల వాడకానికి కాదు.